రెండవ కారు: మెక్సికో నగరపు పాఠము

ఒక సంసారమునకు రెండవ కారు ఎందులకు? భర్త ఒక దిక్కునకు, భార్య వేరొక దిక్కునకు ఉద్యోగమునకై పోవలసివచ్చి, నడుమ బస్సుగాని రైలుగాని సరిగా లేనప్పుడు అది అవసరమగునని మనము చెప్పుకొందుము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట శివారు పట్టణములు పెరిగినకొలది రెండు కార్ల సంసారములును పెరిగినవి. 1960 జనాభా లెక్కలనాటికి అచ్చట ఇంచుమించు అయిదు కుటుంబములలో ఒకదానికి రెండుగాని, అంతకు మించిగాని కార్లుండెను. ఇది ఎల్లరకును తెలిసిన దారి. కాని గాలిని శుభ్రపరచుటకై చేసిన శాసనమే ప్రజలచేత రెండవ కారు కొనిపించిన విచిత్ర చరిత్ర ఒకటి కలదు. అది మెక్సికో నగరమున జరిగినది.

ఆ నగరము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున, చుట్టును కొండలుగల పల్లములో నున్నది. అంత ఎత్తున గాలి పలుచన. అందుచే నాటి ఇంజనులలో పెట్రోలు పూర్తిగా దహింపక పొగ మిక్కిలిగా వెలువడుచుండెను. శీతకాలపు ఉదయములలో నేలనంటిన చల్లనిగాలిపై వెచ్చనిగాలి మూతవలె నిలుచును. క్రింది పొగకు పైకి పోవు త్రోవ లేదు, ప్రక్కలకు కొండలడ్డము. 1980 తరువాతి దశాబ్దమున ఆ పొగ ప్రజల ఊపిరినే పట్టి పీడించినది.

అందులకు విరుగుడుగా 1989 నవంబరు 20వ తేదీన ఒక కట్టడి అమలులోనికి వచ్చినది. దాని పేరు ‘ఓయ్ నో సిర్కూలా’, అనగా ‘నేడు తిరుగదు’ అని. కారు నంబరులోని చివరి అంకెనుబట్టి వారమునకొక పనిదినమున, ఉదయము 5 గంటలు మొదలు రాత్రి 10 గంటల వరకు, ఆ కారు వీధిలోనికి రారాదు. 5, 6 అంకెల వానికి సోమవారము. 7, 8కి మంగళవారము. 3, 4కి బుధవారము. 1, 2కు గురువారము. 9, సున్నకు శుక్రవారము సెలవు. మొదట ఆ ఒక్క శీతకాలమునకే అనుకొన్న ఈ ఏర్పాటు పిదప శాశ్వతమైనది. లెక్క సులభముగనే తోచినది: దినమునకు అయిదింట ఒక వంతు కార్లు ఇంటనున్నచో పొగయు ఆ మేరకు తగ్గవలెను గదా!

అయితే తాడిని తన్నువాడొకడైతే వాని తలదన్నువాడు మరొకడు. సోమవారము కారు కదలకపోయినంతమాత్రమున సోమవారపు ఉద్యోగము ఆగదు. కొంచెము చేతిలో ఆడువారు రెండవ కారును వెదకసాగిరి. ఆ ఎంపికలో మొట్టమొదట చూడవలసినది ఇంజను కాదు, రంగు కాదు, చివరి అంకె! మొదటి కారు 5తో ముగిసినచో రెండవది 5, 6 కాక మరేదైనను సరే. రెండవ సంగతి వెల. వారమునకొక దినము గట్టెక్కించు బండికి ఎవరు మాత్రము ఎక్కువ వెచ్చింతురు? కనుక పాత కార్లకు గిరాకి కలిగినది. పాత ఇంజను కొత్తదానికన్న ఎక్కువ పొగ విడుచునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతటితో ఆగలేదు. కొన్న కారు మిగిలిన దినములలో ఊరక పడియుండదు. మొదటి కారు కదలరాని దినమొక్కటే. రెండవదానికి సెలవు మరియొక దినము. తక్కిన మూడు పనిదినములలో ఇంట రెండు కార్లును సిద్ధముగ నుండును. భర్త ఒకటి, భార్య ఒకటి తీసికొని పోవుదురు. మునుపు బస్సులో పోయినవారును కారెక్కుదురు. ప్రయాణములు తగ్గించుటకై పెట్టిన నియమము కొన్ని ఇండ్లలో వానిని పెంచినది.

ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలైన ఎస్కెలాండ్, ఫెయ్‌జియోగ్లూ 1997లో ప్రకటించిన పరిశీలన ఈ సంగతిని బయటపెట్టినది. కట్టడికి పూర్వము ఆ నగరము తన పాత కార్లను దేశములోని ఇతర ప్రాంతములకు ఏటా 70 వేలకు పైగా పంపుచుండెడిది. కట్టడి తరువాత ప్రవాహము తిరుగబడినది: ఏటా 80 వేలకు పైగా పాత కార్లు బయటినుండి నగరమునకే చేరినవి. 2008లో లూకస్ డేవిస్ అను ఆర్థికవేత్త గాలి కొలతలను పరిశోధించి, ఈ నియమమువలన గాలి బాగుపడిన జాడ కానరాలేదనియు, బస్సులకు, మెట్రోకు జనము మళ్ళిన సూచన లేదనియు తేల్చెను. ఇందు న్యాయాన్యాయముల మాటయు కలదు. రెండు కార్లవారు తప్పించుకొనిరి. కష్టపడి ఒక్క కారు సంపాదించుకొన్న చిన్న ఉద్యోగి మాత్రము నియమభారమును మోసెను. అసలు కారే లేనివాడు అందరి పొగను పీల్చెను.

మరి గాలికి మేలు చేసినవేవి? 1990లో సీసము లేని పెట్రోలు వచ్చినది. 1991 నమూనాలనుండి కొత్త కార్లకు పొగను శుద్ధిచేయు పరికరము తప్పనిసరియైనది. అదే సంవత్సరము మార్చిలో అస్కపొత్సాల్కోలోని పెద్ద నూనెశుద్ధి కర్మాగారమును మూసివేసిరి. పిమ్మట తక్కువ పొగ విడుచు కార్లకు సెలవుదినమునుండి మినహాయింపు నిచ్చిరి. దానితో రెండవదిగా పాతకారు కొనుటకన్న, ఉన్నదానిని మార్చి మంచి కారు కొనుట లాభమైనది. అదే జనము, అదే తెలివి. శాసనము మారగనే ఆ తెలివి వేరు దారి పట్టినది.

మన ఢిల్లీ నగరమునను 2016 జనవరిలో 15 దినములు, మరల ఏప్రిలులో 15 దినములు సరి–బేసి అంకెల పద్ధతి నడచినది. పక్షము దినములకై కారు కొనువారు అరుదు. అట్టిదానిని శాశ్వతము చేయదలచువారు మెక్సికో నగరమువైపు ఒకమారు చూడవలెను. రెండవ కారు కొన్నవారిని నిందించి లాభము లేదు. వేళకు పనికి చేరవలెననుటయే వారి అవసరము. ఆ అవసరమును తీర్చునంతటి బస్సులను, రైళ్ళను ముందుగ చూపి, పిదప కారును ఇంట నిలుపుమన్నచో ఆ మాట వినువారుందురు.