వరసలు, లెక్కలు

జీవపరిణామం గురించి రాసేవాళ్ళు సాధారణంగా డార్విన్ ఎక్కిన ఓడతో మొదలుపెడతారు. నేను పిఠాపురంతో మొదలుపెడతాను. ఆ ఊళ్ళో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఇరవయ్యేళ్ళ వయసులో కలకత్తా వెళ్ళి జె. బి. ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యుడిగా చేరారు. తర్వాత అమెరికా వచ్చి హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. నేనుండే ప్లేనో నుంచి హ్యూస్టన్‌కి కారులో నాలుగు గంటలు. టెక్సాస్ తెలుగువాళ్ళలో ఆయన పేరు విన్నవాళ్ళు మాత్రం నాకు తక్కువగా తగిలారు.

ముందు గురువు సంగతి. పరిణామానికి లెక్కలు కట్టిన ముగ్గురు నలుగురిలో హాల్డేన్ ఒకరు. ఇంగ్లండులో ఒక జాతి రెక్కలపురుగు ఉంది. 1848లో మాంచెస్టర్ దగ్గర అందులో నల్లరంగుది ఒకటి దొరికింది. అప్పటికది వింత. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ ప్రాంతంలో దాదాపు అన్నీ నల్లవే. ఇంత త్వరగా మారాలంటే నల్లవాటి సంతానం తెల్లవాటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బతికి ఉండాలని 1924లో హాల్డేన్ లెక్కగట్టారు. 'బలమున్నది బతుకుతుంది' అన్న మాట అలా ఒక అంకె అయింది.

అటువంటి మనిషి 1957లో లండన్ ఉద్యోగం వదిలేసి, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు. మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో మన సి. ఆర్. రావు గారు అప్పటికే ఉన్నారు. ఖరీదైన పరికరాలు లేవని కూర్చోవద్దు, కళ్ళెదుట ఉన్నదాన్ని ఓపిగ్గా లెక్కపెట్టండి అన్నది హాల్డేన్ పద్ధతి. కృష్ణారావు గారు లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టారు. కొన్ని జాతులు ఒక రంగుకే వెళుతున్నాయి, కొన్ని ఇంకో రంగుకి. ఇలాగే సాగితే ఒకే తోటలోని ఒకే మొక్క కాలక్రమంలో రెండు జాతులుగా విడిపోయే అవకాశం ఉందని ఆయన 1960లో నేచర్ పత్రికలో రాశారు. ఖర్చల్లా కాగితం, పెన్సిలు.

ఆ తర్వాత లెక్కపెట్టింది మనల్నే. కృష్ణారావు గారు, పి. మీరాఖాన్ గారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద 1960ల మొదట్లో వ్యాసాలు ప్రచురించారు. మేనరికానికీ పరిణామానికీ ఏమిటి సంబంధం? మనలో ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. చెడిపోయిన ప్రతి ఒక్కటే ఉంటే చాలాసార్లు అది బయటపడదు, ప్రకృతి ఎంపిక కంట పడదు. రెండూ చెడ్డవైతేనే జబ్బు. ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం, మేనమామ-మేనకోడలు పెళ్ళిలో 8లో 1 వంతు. మేనబావ-మేనమరదలు పెళ్ళిలో 16లో 1 వంతు. తరతరాలుగా మేనరికాలు జరిగినచోట చెడ్డ ప్రతులు వడకట్టుకుపోయి తగ్గిపోతాయా అన్నది శాస్త్రజ్ఞుల ప్రశ్న. కాగితం మీద అది 'తగ్గడం'. ఇంట్లో అయితే అది పురిట్లోనో, రెండో ఏటో పోయిన బిడ్డ.

ఇక్కడ మన భాష గొప్పతనం ఒకటి చెప్పాలి. ప్లేనోలో డాక్టరు దగ్గర నింపే కాగితంలో 'మీ తల్లిదండ్రులు రక్తసంబంధీకులా' అని ఉంటుంది. అవునంటే 'కజిన్సా' అని అడుగుతారు, అంతే. మా అమ్మమ్మనడిగితే మేనమామ కూతురా, మేనత్త కూతురా అని తేల్చేది. అది చాదస్తం కాదు. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడికి పుట్టే ఆడపిల్లలో, ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు ఒకే పూర్వీకుడి నుంచి రెండుసార్లు వచ్చే అవకాశం 8లో 1 వంతు. మేనత్త కూతుర్ని చేసుకుంటే ఆ బంధుత్వం వల్ల వచ్చేది సున్నా. మగవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రివైపు చుట్టరికం దానికి అంటదు. 'కజిన్' అన్న మాటలో పోయిన సమాచారం మన వరసల్లో భద్రంగా ఉంది. ఆ వరసలు తెలిసిన తెలుగువాళ్ళు ఆ లెక్కలు సేకరించడం అందుకే మంచిదైంది.

లెక్కపెట్టినంత మాత్రాన తీర్పు ఖాయమైపోదు. చెవి అంచున వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకుకే, వై క్రోమోజోము ద్వారా వస్తుందని కృష్ణారావు గారు వంశవృక్షాలు చూసి 1960లో రాశారు. చాలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిందది. 2004లో అలాంటి చెవులున్న దక్షిణ భారతీయుల డి.ఎన్.ఎ. చూస్తే వాళ్ళ వై క్రోమోజోములు రకరకాల శాఖలవని తేలింది. పాత అభిప్రాయం నిలవలేదు. అది తప్పని తేల్చడానికి కూడా ఎవరో ఒకరు తమ డి.ఎన్.ఎ. ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు యూనివర్సిటీలు సంతకం లేనిదే అటువంటివి తీసుకోవు. మీ నమూనా పరిశోధనకు వాడుకోవచ్చా అని రెండు మూడు పేజీల కాగితం ఇస్తారు. మనవాళ్ళలో చాలామంది 'వద్దు' దగ్గర గీత పెట్టేస్తారు. వాళ్ళ భయం అర్థంలేనిది కాదు. సమాచారం ఎటు పోతుందో అడిగే హక్కు మనకుంది. కానీ ఇవ్వనివాళ్ళ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. రేపు మన మనవరాలి జబ్బుకి ఆధారం వెతికే డాక్టరుకి దొరికే పట్టికల్లో ఇతర జాతులే ఉంటాయి.

హాల్డేన్ ఇతరుల్నే కాదు, తన్నుతాను కూడా ప్రయోగానికి వాడుకున్న మనిషి. విషవాయువులు పీల్చారు, ఒత్తిడి గదుల్లో కూర్చున్నారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సర్‌తో పోయారు. వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కృష్ణారావు గారి పిఠాపురానికి పక్కనే ఉన్న ఊరది.

మనం అంత చెయ్యక్కర్లేదు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం ఫోన్ చేసి, ఎవరెవరిని ఏ వరసలో చేసుకున్నారో, ఎంతమంది బిడ్డలు పుట్టారో, ఎవరు ఏ వయసులో పోయారో రాసుకోండి. పేర్లతో, తెలుగు వరసలతో. 'కజిన్' అని మాత్రం రాయకండి.