నెలలు నిండడమంటే ఎన్ని వారాలు?

సూరత్ నుంచి వడోదర వైపు వెళ్లే రైలు తాపీ నది దాటాక, ఉత్రాణ్ తరువాత ఆగే చిన్న స్టేషన్ కోసాడ్. ఒకప్పుడు పల్లె. ఇప్పుడు సూరత్ మహానగరంలో కలిసిపోయింది. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాల నుంచి ఉన్నాయి. అలాంటి ఇంటి కోడలు ఒకామె కోసాడ్‌లో కాపురముంటూ, తొలి కాన్పుకు వరంగల్‌లోని పుట్టింటికి వచ్చిందనుకుందాం. తల్లీ బిడ్డా వారే. కాని కాన్పు జరిగే తీరు మారిపోయే అవకాశం చాలా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో నూటికి 21 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణలో నూటికి 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5.

సిజేరియన్‌కు తేదీ ముందుగానే నిర్ణయించుకోవచ్చు. నిర్ణయించుకునే వీలుంటే పంచాంగం తెరిచే అలవాటు మనకుంది. "నెలలు నిండాయి కదా, రెండు వారాలు ముందైతే ఏమవుతుంది?" అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు కాలంతోపాటు మారుతూ వచ్చింది.

ఎనిమిదో నెల భయం

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందనీ, ఎనిమిదో నెలలో పుడితే కష్టమనీ మన పెద్దవాళ్లు చెప్పే మాట. ఇది మన ఒక్కరి నమ్మకం కాదు. ఎనిమిదో నెల శిశువు గురించి ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరున ఒక గ్రంథమే ఉంది. ఎనిమిదో నెలలో ఓజస్సు తల్లికీ బిడ్డకూ మధ్య నిలకడ లేకుండా తిరుగుతుంది కనుక అప్పటి కాన్పు ప్రమాదకరమని చరక సంహిత చెప్పింది.

నేటి లెక్కలు ఈ నమ్మకాన్ని బలపరచవు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు మేలే చేస్తుంది. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కంటే ఎప్పుడూ నయమే. అయితే ఈ పాత మాటలో గమనించదగ్గ విషయం ఒకటుంది. చూడటానికి నిండుగా కనిపించే బిడ్డ కూడా చేజారిపోవచ్చునని పూర్వులు గుర్తించారు. ఆధునిక వైద్యం దీన్ని కొంతకాలం మరచిపోయింది.

బరువా? వారాలా?

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన ప్రసూతి వైద్యుడు నేగెలె, 19వ శతాబ్దం తొలినాళ్లలో కాన్పు తేదీకి ఒక సూత్రం ప్రచారంలోకి తెచ్చాడు. చివరి బహిష్టు మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలపాలి. అంటే సుమారు 280 రోజులు, 40 వారాలు. నేటికీ వైద్యులు వాడేది ఈ లెక్కే.

కాని బహిష్టు తేదీ గుర్తులేని తల్లులు ఎందరో. అందుచేత ఫిన్‌లాండ్ వైద్యుడు ఆర్వో యుల్పో మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో సులువైన కొలత ఒకటి సూచించాడు. పుట్టినప్పుడు 2,500 గ్రాములకు మించని బిడ్డ నెలలు నిండని బిడ్డ. తూకం ఉంటే చాలు. 1948లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ కొలతనే ఆమోదించింది.

మన దేశంలో ఈ కొలత పొరపాటుకు దారితీస్తుంది. తొమ్మిది నెలలూ నిండినా, తల్లికి సరైన తిండి లేక రెండుంపావు కిలోలతో పుట్టే బిడ్డలు మనకు ఎక్కువ. వారికి కావలసిన సంరక్షణ వేరు, ముందుగా పుట్టిన బిడ్డకు కావలసింది వేరు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ విడదీసింది. బరువు తగ్గినవారు ‘తక్కువ బరువు శిశువులు’. నెలలు నిండని బిడ్డలను వారాలతోనే లెక్కించాలి. ఆ లెక్కలో 37 వారాల దగ్గర గీత పడింది.

ఈ గీత లెక్కలు పోల్చుకోవటానికి ఏర్పరచుకున్నది. 37వ వారం నిండిన రాత్రి బిడ్డ ఊపిరితిత్తుల్లో హఠాత్తుగా మార్పేమీ రాదు. అయినా కాలక్రమంలో దాన్ని భద్రతకు గుర్తుగా భావించటం మొదలైంది.

39 గంటల జీవితం

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కుమారుడు పుట్టాడు. పేరు పాట్రిక్. అయిదున్నర వారాలు ముందుగా వచ్చాడు. బరువు దాదాపు 2.1 కిలోలు. ఆ దేశంలో దొరికే అత్యుత్తమ వైద్యం అందినా, ఊపిరాడక 39 గంటల్లో చనిపోయాడు.

జబ్బుకు కారణం అప్పటికే తెలుసు. ఊపిరితిత్తుల్లోని గాలిసంచుల లోపలి గోడకు పల్చని తడిపొర ఉంటుంది. దాని తలతన్యత వల్ల ఊపిరి వదిలిన ప్రతిసారీ సంచులు ముడుచుకుపోవాలి. అలా జరగకుండా సర్ఫాక్టంట్ అనే సబ్బులాంటి పదార్థం కాపాడుతుంది. గర్భస్థ శిశువులో ఇది చివరి వారాల్లోనే సమృద్ధిగా తయారవుతుంది. ఈ జబ్బుతో చనిపోయిన శిశువుల్లో అది కొరవడిందని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెర్ మీడ్ నిరూపించారు. కారణం దొరికింది కాని మందు దొరకలేదు.

1972లో న్యూజీలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ, కాన్పుకు ముందు తల్లికి స్టీరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని చూపారు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టంట్‌తో పదిమంది పసికందులకు చికిత్స చేశాడు. కిలో బరువున్న బిడ్డలు కూడా బతకసాగారు. వైద్యుల దృష్టి సహజంగానే వారివైపు మళ్లింది. 34 వారాలు దాటినవారు ‘దాదాపు నిండినవారు’ అనిపించుకుని తల్లి పక్కలోకి చేరారు, త్వరగా ఇంటికి వెళ్లారు.

పేరులో ఉన్న పొరపాటు

వారిలో కొందరు మళ్లీ ఆసుపత్రికి రాసాగారు. కారణాలు శరీరధర్మంలోనే ఉన్నాయి. 34 వారాల బిడ్డ మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడులో సుమారు మూడింట రెండు వంతులే. చీలుస్తూ, మింగుతూ, ఊపిరి తీసుకోవటం ఒకే లయలో సాగదు. పాలు తాగుతూనే అలసి నిద్రపోతుంది. నెమ్మదస్తురాలైన బిడ్డ అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. పాలు చాలక రక్తంలో చక్కెర పడిపోతుంది. చర్మం కింద కొవ్వు తక్కువ కనుక ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. కాలేయం బిలిరుబిన్‌ను వెంటనే వదిలించుకోలేదు. కామెర్లు నాలుగైదు రోజులకు ముదరవచ్చు. అప్పటికి బిడ్డ ఇంట్లో ఉంటుంది.

2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణులు సమావేశమై పేరు మార్చారు. ఈ కృషిలో ముందున్నది భారతీయ మూలాలున్న శిశువైద్యుడు టోన్సే రాజు. 34 వారాల నుంచి 37 నిండేలోపు పుట్టినవారు ఇక ‘దాదాపు నిండినవారు’ కారు, ‘కొద్దిగా నెలలు తక్కువవారు’. మాట మారితే చూపు మారుతుందని వారి ఉద్దేశం.

తరువాత ప్రశ్న 37 గీత దాటినవారి మీదకు మళ్లింది. ముందే తేదీ పెట్టుకుని, నొప్పులు రాకుండానే రెండోసారి సిజేరియన్ చేయించుకున్న 13,258 మంది అమెరికన్ తల్లుల వివరాలు 2009లో వెలువడ్డాయి. శ్వాస ఇబ్బంది, చక్కెర పడిపోవటం, ఇన్ఫెక్షన్ వంటి ఏదో ఒక చిక్కు 37వ వారంలో పుట్టిన బిడ్డల్లో నూటికి 15.3 మందికి వచ్చింది. 38లో 11 మందికి. 39లో 8 మందికి. నొప్పులు పడే సమయంలో బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోవటం వేగం పుంజుకుంటుంది. నొప్పులు రాకముందే తీసిన బిడ్డకు ఆ సాయం తక్కువ.

2013లో అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల ‘నెలలు నిండటం’ అనే మాటనే విడగొట్టింది. 37, 38 వారాలు ‘తొలి నిండు కాలం’. 39, 40 వారాలే ‘పూర్తి నిండు కాలం’.

ముహూర్తం ఎవరిది?

తల్లికి రక్తపోటు ప్రమాదస్థాయికి పెరిగినా, రక్తస్రావమైనా, బిడ్డ ఎదుగుదల ఆగినా వారాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు. ముందే తీయటం ప్రాణాలు నిలుపుతుంది. మందులతో లోటు పూడ్చటానికి హద్దులున్నాయి. 34 నుంచి 36 వారాల మధ్య తల్లికి స్టీరాయిడ్ ఇస్తే బిడ్డ శ్వాస ఇబ్బందులు తగ్గాయి కాని, చక్కెర పడిపోవటం నూటికి 15 నుంచి 24కు పెరిగిందని 2016లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. కారణమేదీ లేకుండా, మంచి నక్షత్రం కోసం రెండు వారాలు ముందుకు జరపటాన్ని సమర్థించే వైద్యకారణం లేదు.

ఇంకొక చిక్కు ఉంది. తేదీయే తప్పు కావచ్చు. 1973లో గ్లాస్గోలో రాబిన్సన్, తొలి నెలల్లో స్కానింగ్‌తో పిండం పొడవు కొలిచి వయసు చెప్పే పద్ధతి చూపాడు. అప్పటి కొలతలో తేడా కొద్దిరోజులే. చివరి నెలల్లో తీసిన స్కానింగ్‌లో అది రెండు మూడు వారాలు ఉండవచ్చు. అందువల్ల 38 అనుకుని కోస్తే బిడ్డకు నిజంగా నిండినవి 36 వారాలే కావచ్చు.

కాబట్టి కోసాడ్ నుంచి పుట్టింటికి రైలెక్కే కోడలు తన సంచిలో తప్పక పెట్టుకోవలసింది మొదటి మూడు నెలల్లో సూరత్‌లో తీయించుకున్న స్కానింగ్ కాగితం. ఆపరేషన్ తేదీ మాట వచ్చినప్పుడు ఇంటి పెద్దలు పంచాంగం కంటే ముందు చూడవలసింది ఆ కాగితాన్నే. ఒకవేళ బిడ్డ కాస్త ముందుగా పుడితే, బొద్దుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. నిద్రలేపి మరీ పాలు పట్టాలి. మొదటి వారంలో కళ్లు, ఒళ్లు పచ్చబడుతున్నాయేమో రోజూ పగటి వెలుతురులో చూడాలి. పచ్చదనం కనిపించినా, బిడ్డ పాలు మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.