సౌర పలకల కింద సాగుభూమి: అనుమతి ఎవరిది?

రాయలసీమలో వేల ఎకరాల మెట్ట నేల మీద ఇవాళ సౌర పలకలు పరుచుకుని ఉన్నాయి. ఆ నేల పొలంగానే ఉండాలా, విద్యుత్ కేంద్రం కావాలా అన్న ప్రశ్నకు జవాబు రెవెన్యూ ఆఫీసు కాగితాల్లోనే తేలిపోయింది. ఆ ఊళ్ల భవిష్యత్తు గురించి విడిగా ఎవరూ విచారణ జరిపింది లేదు. మన దగ్గర భూమి వాడుక మార్చే అనుమతి మొదటి నుంచీ శిస్తు లెక్కల్లోనే పుట్టి పెరిగింది. సోలార్ పార్కుల చుట్టూ రేగిన తగాదాల వేళ్లు అక్కడున్నాయి.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. పొలం పొలం కొలిపించి మాగాణి, మెట్ట, తోట అని వర్గాలు కట్టించాడు. రైత్వారీ పద్ధతి ఈ సీమలో వేళ్లూనుకుంది అలాగే. శిస్తు రాని నేల బంజరైంది, పోరంబోకైంది. ఆ బంజరులో గొర్రెలు మేసేవి, వంటచెరకు దొరికేది, వాన పడిన ఏడు ఎవరో ఒకరు నాగలి కట్టి వేరుశెనగో కొర్రలో వేసుకునేవారు. రికార్డు మాత్రం దాన్ని ఖాళీ నేలగానే చూసింది. అలా దున్నుకున్నవారి దగ్గర సర్కారు శివాయిజమా పేరుతో రుసుం వసూలు చేసుకుంది. 1905లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఆక్రమణల చట్టం వాళ్లను ఆక్రమణదారులుగా లెక్కగట్టింది. తాతల నాటి సాగు ఉంటుంది, ఊరి సాగు లెక్కైన అడంగల్‌లో పేరూ ఉండొచ్చు, పట్టా మాత్రం ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక పేదలకు ప్రభుత్వ భూమి పంచి డి-పట్టాలిచ్చారు. అలా ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. పేదవాడి నేలను పెద్దవాడు కొనేయకుండా కాపాడటానికి వచ్చిన మంచి చట్టమది. కానీ ప్రభుత్వమే తనకు కావాలన్నప్పుడు ఆ డి-పట్టాకు ఎంత బలముంటుందన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. అసైన్డ్ రైతుకూ మార్కెట్ ధర ప్రకారం పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చెప్పాల్సి వచ్చింది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు మరో చిక్కు. వాటిని తేల్చే చట్టం 2017లో గానీ రాలేదు.

సాగుభూమిని వేరే పనికి వాడుకోవడం మీద మన రాష్ట్రం 1963లో చేసిన చట్టం కూడా పన్ను చట్టమే. ఆ వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాల నుంచే ‘నాలా’ అన్న మాట జనం నోట్లో స్థిరపడింది. 2006లో వచ్చిన కొత్త చట్టం ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ఏటా కట్టే పన్ను పోయి, భూమి విలువలో ఇంత శాతమని ఒకేసారి కట్టే రుసుం వచ్చింది. దరఖాస్తు ఆర్డీవో దగ్గరికి వెళ్లేది. భూమి ఎవరిది, విలువెంత, రుసుం కట్టారా, నిషేధిత జాబితాలో ఉందా అన్నవి అక్కడ చూసేవారు. ఆ నేల ఏ పంటకు పనికొస్తుంది, దాని మీద కూలికి వెళ్లేవాళ్లెందరు, కౌలుదారుడున్నాడా అన్నవి ఆ పరిశీలనలో భాగం కాలేదు. ఇంటి ప్లాటు విషయంలో ఈ లోటు అంతగా కనిపించలేదు. ఒక్క మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాల్సిన పరిశ్రమ వచ్చేసరికి బయటపడింది.

2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022 నాటికి 20,000 మెగావాట్లన్న లక్ష్యం 2015లో లక్ష మెగావాట్లకు పెరిగింది. 2014 డిసెంబరులో కేంద్రం సోలార్ పార్కుల పథకం ప్రకటించడంతో రాష్ట్రాలు భూముల వేటలో పడ్డాయి. 2015 ఫిబ్రవరిలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సౌర విధానం అయిదేళ్లలో 5,000 మెగావాట్లు తలపెట్టింది. చట్టబద్ధమైన రుసుం కడితే చాలు, ప్రాజెక్టు భూమిని వ్యవసాయేతరంగా మారినట్టే భావిస్తామంది. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ పరిధిలోకి సౌర పలకల కేంద్రాలు రావని కేంద్రం అప్పటికే తేల్చింది. కాబట్టి ఆ మార్గంలో జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా లేకుండా పోయింది. బొగ్గు కేంద్రంలా పొగ రాదు కాబట్టి మినహాయించారంటే అర్థం చేసుకోవచ్చు. అయితే వేల ఎకరాలకు కంచె వేయడం కూడా ఒక ప్రభావమేనని గుర్తించకపోవడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో అదొకటి. అప్పటి అనంతపురం జిల్లా నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో ఎన్‌పీ కుంట పార్కు తలపెట్టారు. అక్కడ ఎన్టీపీసీ మొదటి 250 మెగావాట్లు 2016లో వెలుగు చూశాయి. ఎన్‌పీ కుంటలో పాత రికార్డు తన పని తాను చేసింది. పట్టా చూపగలిగినవాడు పరిహారం అడగగలిగాడు. అనుభవం తప్ప కాగితం లేని శివాయిజమా రైతు ధర్నాకు కూర్చోవాల్సి వచ్చింది. ఎవరినీ ఖాళీ చేయించనక్కర్లేని బంజరు అని పై నుంచి కనిపించిన చోట వేరుశెనగ పండింది, మందలు మేశాయి.

అదే రోజుల్లో సరిహద్దుకు అవతల కర్ణాటక మరో దారి పట్టింది. పావగడ తాలూకాను మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకుని ఉంటుంది, ఊళ్లలో తెలుగు విరివిగా వినిపిస్తుంది, కరువూ ఉమ్మడిదే. తిరుమణి, వల్లూరు మొదలైన అయిదు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలను ప్రభుత్వ సంస్థ రైతుల నుంచి 28 ఏళ్లకు లీజు తీసుకుని కంపెనీలకిచ్చింది. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. 2,050 మెగావాట్ల ఆ పార్కులో భూమి అమ్ముకోకుండానే రైతుకు కరువులోనూ ఆగని ఆదాయం దొరికింది. భూసేకరణతో పోలిస్తే ఇది నిస్సందేహంగా మెరుగు. కానీ ఒప్పందం సర్వే నంబరు ఉన్నవాడితోనే జరిగింది. కలుపుకు, కాయ కోతకు వెళ్లే కూలీ, మేత వెతుక్కునే గొర్రెలకాపరి అందులో ఎక్కడా సంతకం పెట్టలేదు. కౌలు డబ్బు భూమి ఎంత ఉంటే అంత వచ్చింది, భూమి లేనివాడికి పని మాత్రం పోయింది.

ఇంగ్లండ్‌లో ఇదే అనుమతి వేరే మూలం నుంచి పెరిగింది. 1947 చట్టంతో భూమి వాడుక మార్చాలంటే స్థానిక ప్రణాళికా సంస్థ అనుమతి తప్పనిసరైంది. సోలార్ దరఖాస్తు వస్తే ఊరివాళ్లు అభ్యంతరం రాయొచ్చు. నేల నాణ్యతను గ్రేడులుగా చూసి, మంచి సాగుభూమిని వీలైనంత వరకు తప్పించమంటారు. సాధారణంగా నలభై ఏళ్ల వంటి గడువు పెట్టి, అది తీరాక పలకలు తీసేసి నేలను మునుపటి స్థితికి తేవాలన్న షరతు కలుపుతారు. అక్కడి ఆలస్యాలు, తమ ఊరి చుట్టుపక్కల ఏమీ రాకూడదనే పట్టుదలలు మనకు అక్కర్లేదు. గడువు, పునరుద్ధరణ అన్న రెండు షరతులు మాత్రం మనకూ కావాలి. పలకల ఆయుష్షు పాతికేళ్లయితే, నాలా మార్పిడికి మాత్రం గడువే పెట్టలేదు.

తెలంగాణ పెద్ద పార్కుల జోలికి అంతగా వెళ్లకుండా సబ్‌స్టేషన్ల దగ్గర చిన్న కేంద్రాలను ప్రోత్సహించింది. భారం ఒక్క మండలం మీద పడకపోవడం ఇందులో మేలు. 2020లో ధరణి పోర్టల్ వచ్చాక నాలా మార్పిడి తహశీల్దారు దగ్గర స్లాట్ బుక్ చేసుకునే పనైపోయింది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా కేంద్రాన్ని రైతే తన నేలలో పెట్టుకునే వీలిచ్చింది. పలకలను ఎత్తయిన స్తంభాల మీద నిలిపి కింద పంట వేసుకోవచ్చని కూడా చెప్పింది. రైతును భూమి యజమానిగానే కాకుండా విద్యుత్ ఉత్పత్తిదారుగా చూసిన విధానమిది.

ఇక 2025లో ఆంధ్రప్రదేశ్ నాలా చట్టాన్నే రద్దు చేసి, దాని స్థానంలో అభివృద్ధి రుసుం పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పినందుకు చాలామంది సంతోషించారు, అది న్యాయమే. అయితే సాగుభూమి వాడుక మారే ముందు ఆగి చూడటానికి ఉన్న ఒక్క గుమ్మం కూడా ఇప్పుడు తీసేసినట్టయింది. కొన్ని వందల ఎకరాలు దాటిన ప్రతి సోలార్ ప్రాజెక్టుకూ గ్రామసభ విచారణ, కౌలుదారులు, కూలీలు, కాపరుల లెక్క, మేత దారులు వదలడం, గడువు తీరాక నేలను బాగుచేసే పూచీకత్తు తప్పనిసరి చేస్తూ ఒక చిన్న చట్టం చాలు. కొత్త పార్కుల కోసం రాయలసీమలో సర్వేలు పూర్తికాక ముందే అది రావాలి.