కుందూ దాటిన మంచం

మా జేజికి చదువు రాదు. బైబిలంతా చెవులతోనే నేర్చుకుంది. పౌలు గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఒకరి భారాలు ఒకరు మోయమంటాడు. మూడు వచనాలు దాటేసరికి ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటాడు. నేను టీచరునైన కొత్తలో, ఈ రెండిట్లో ఏది నిజమని ఎగతాళిగా అడిగినాను.

"నెత్తిమీదున్న కట్టెలమోపు నీ బరువు. అది కిందుంటే పైకెత్తేదానికి ఇంకొకరు చెయ్యి వెయ్యాల్నా, వద్దా? అది భారం" అనింది. గ్రీకు మూలంలోనూ ఆ రెండు చోట్లా వేర్వేరు మాటలే ఉన్నాయని చాలా ఏళ్ళకు తెలిసింది.

మాది ఖాజీపేట. జేజి రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యిపక్క కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి పోయేది. అక్కడినుంచి జ్వరంతో పడుకున్న ఇంటికో, బాలింత ఇంటికో చేరేది. పేరుకు పిడికెడు బియ్యమే గానీ, మా మాలపల్లెలో అప్పుడు బియ్యమెక్కడివి? కొర్రలు, జొన్నలు. తమిళ సంఘాల్లో దీన్నే పిడి అరిసి అంటారు. మిజోరం కొండల్లో కూడా ఆడవాళ్ళు ఇట్లాగే తీసిపెడతారట.

జేజి ఆ పిడికెడు సంగతి ఎత్తితే ధాత కరువు దగ్గర మొదలుపెట్టేది. ఆమె పుట్టకముందు, 1876 నుంచి 78 దాకా సాగిన కరువది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించి, మగమనిషికి రోజుకొక పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌండంటే అరకిలో కూడా కాదు. అది తిని మట్టి మోసేవాడు బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడినాడు. నేను పుస్తకంలో చూసి ఈ లెక్క చెబితే, జేజి తన పిడికిలి తెరిచి చూసుకుని, "ఇట్లాంటివి ఎన్నవుతాయి?" అనింది.

దయ మా మతంతోనే ఈ సీమకు వచ్చిందంటే నేనొప్పుకోను. ధాత కరువుకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టినాడు. ఆయన క్రైస్తవుడు కాడు. లండన్ మిషన్ వాళ్ళు కడపకు 1822లోనే వచ్చినారు. వాళ్ళతో కలిసినవాళ్ళలో ఎక్కువమంది మాలలే. గంజికోసం కలిసినారని ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. ఆకలిలో గంజి పోసిన చేతిని మరిచిపోకపోవడం తప్పయితే, ఆ తప్పు మావాళ్ళు చేసినారు.

ఆ మిషన్ డాక్టరే టి. విన్సెంట్ క్యాంప్‌బెల్. జమ్మలమడుగు ఆసుపత్రికి ఆయన పేరే ఉంది. తర్వాత చిక్కబళ్ళాపురం పోయి, వైద్యం చేస్తూనే పురుగులు పట్టి లండన్ శాస్త్రజ్ఞులకు పంపేవాడు. ఆ సంగతి చెబితే జేజి నమ్మలేదు. "దొర పురుగులు పట్టేదేంది!"

ఖాజీపేట నుంచి జమ్మలమడుగు యాభై కిలోమీటర్లకు అటూఇటూ. మైదుకూరు, ప్రొద్దుటూరు దాటిపోవాలి. జేజికి పెళ్ళయిన కొత్తలో ఊర్లో ఒకామెకు కాన్పు కష్టమయింది. మా పల్లె మనిషి కాదు, పెద్దింటి కోడలు. బండి కట్టినారు గానీ కుందూ నిండుగా పారుతోంది, ఎద్దులు దిగలేదు. మంచాన్ని తలలమీద పెట్టుకుని ఏరు దాటించేదానికి మావాళ్ళను పిలిచినారు. మామూలు రోజుల్లో ఆ మంచాన్ని మావాళ్ళు తాకితే మైల. ఆరోజు నీళ్ళలో ఆ మాటెవరూ ఎత్తలేదు. మా అబ్బ ముందు కోడు పట్టుకున్నాడు. అవతల గట్టున ఇంకో బండి ఎక్కించినారు. బిడ్డ దక్కలేదు, తల్లి బతికింది. తిరిగి వచ్చినాక ఆ మంచాన్ని పసుపునీళ్ళతో కడిగినారు. ఇది చెప్పేటప్పుడు జేజి గొంతులో కోపముండేది కాదు. నాకుంది.

పులివెందుల వైపువాళ్ళు పెన్న దాటి అదే ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. 1949లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పుట్టింది అక్కడే. డాక్టరై కొంతకాలం పనిచేసిందీ అక్కడే. 1973లో పులివెందులలో తండ్రి పేరుతో 70 పడకల ఆసుపత్రి పెట్టినాడు. ఇప్పుడు 108కి ఫోన్ చేస్తే బండి వాకిట్లోకే వస్తుంది. మంచం మోసేవాళ్ళ అవసరం లేదు.

గుడిలో ఇప్పుడు కానుకల కవర్లిస్తారు, బియ్యం ఎవరూ అడగరు. అయినా చెయ్యి ఊరుకోదు. కుక్కర్లో పోసేముందు ఒక పిడికెడు స్టీలు డబ్బాలో పడుతుంది. పోయిన నెల మూత తీస్తే పురుగు పట్టింది. చేటలో పోసి చెరిగి, వాకిట్లో ఆరబోసినాను.