డమాస్కస్ గృహాలంకరణలో ఆకుపచ్చ వర్ణం

ముస్లిముల గృహాలంకరణ అనగానే ముదురు ఆకుపచ్చ, దాని సరసన తేనెరంగు, మట్టిరంగు స్ఫురించడం కద్దు. ఉస్మానీ పాలనా కాలంలో డమాస్కస్ నగరంలో వెలసిన కొయ్యపలకల గదులను చూసినవారికి ఈ అభిప్రాయం మరింత బలపడుతుంది. అది ఎంతవరకు యథార్థమో పరిశీలించవలసి ఉంది.

డమాస్కస్ గృహం వీధివైపు నిరాడంబరమైనది. అక్కడ కనిపించేది మట్టిపూత పూసిన సాదా గోడ మాత్రమే. వైభవమంతా లోపలే. నడుమ ప్రాంగణం, నీటితొట్టి, చెట్లు. వాటి చుట్టూ గదులు. అతిథులను ఆదరించే గదిలో 'అతబ' అనే ముంగిలి భాగం, దానికంటె ఎత్తున 'తజర్' అనే ఆసనభాగం ఉండేవి. గోడలకు అమర్చిన చిత్రిత కొయ్యపలకల పనిని 'అజమీ' అంటారు.

ఇందుకు చక్కని నిదర్శనం హిజ్రీ 1119 (క్రీ.శ. 1707) నాటి ఒక గది. అది 1970లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు కానుకగా లభించింది. పనివారు పలకలపై సుద్దముద్దతో ఉబ్బెత్తు లతలను తీర్చి, కొన్నిటికి బంగారురేకు, మరికొన్నిటికి తగరపురేకు అతికించారు. తగరముపై పారదర్శకమైన రంగులు పూశారు. మిగిలిన చోట్ల గ్రుడ్డుసొనతో కలిపిన రంగులు వేశారు. పగటి వెలుగు మారినకొద్దీ గది తళుకులు మారేవి. అతిథి కూర్చున్నది చీకటి గదిలో కాదు, వెలుగులు చిందే గదిలో.

మరి నేడు కనిపించే గాంభీర్యం ఎక్కడిది? పలకలపై తరువాతివారు పలుమార్లు వార్నిషు పూశారు. కాలక్రమాన అది పసుపుబారి, గోధుమరంగుకు తిరిగింది. నీలముపై పసుపుబారిన పూత పడితే ఆకుపచ్చగా తోచడం సహజం. రాగి నుండి తీసిన ఆకుపచ్చ సైతం కాలగతిలో గోధుమరంగుకు మారగలదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో హిజ్రీ 1225 (క్రీ.శ. 1810-11) నాటి డమాస్కస్ గది ఒకటి ఉంది. తరువాతి పూతల బారిన అంతగా పడని ఆ పలకలను చూచినచో తొలి వర్ణాల స్వచ్ఛత తేటపడుతుంది.

ఆకుపచ్చకు ముస్లిముల మనస్సులో గల స్థానం కాదనలేనిది. స్వర్గవాసుల పచ్చని పట్టువస్త్రాలను ఇన్సాన్ సూరా (76:21), పచ్చని ఆసనాలను రహ్మాన్ సూరా (55:76) పేర్కొన్నాయి. కాని ఇంటిగోడకు ఫలానా రంగే వేయవలెనన్న ఆదేశం ఖుర్ఆన్‌లో లేదు. డమాస్కస్ గృహస్థు ఆకుపచ్చతో పాటు ఎరుపును, నీలమును, బంగారమును కూడా ఆదరించాడు. వార్నిషు తెచ్చిన మసకను అతని అభిరుచిగా చెప్పడం చరిత్రకు న్యాయం చేసినట్లు కాదు.