గ్రామోద్యోగము – వంశహక్కు



మునసబు, కరణము అను మాటలు వినినంతనే మీలో వృద్ధులైనవారికి ఒక్కొక్క యింటిపేరు జ్ఞప్తికి వచ్చును. ఆ పదవి మనుష్యునిది గాక యింటిదై యుండుటయే దీనికి కారణము. 1895 వ సంవత్సరమున చెన్నపురి ప్రభుత్వమువారు చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఈ యాచారమునకు శాసనబలము నొసగెను. తండ్రి గతించినచో జ్యేష్ఠపుత్రుడే వారసుడు. అతడు బాలుడైనచో వారసుడుగా అతని పేరు నమోదు చేసి, యుక్తవయస్సు వచ్చువరకు వేరొకనిచేత పని జరిపించుచుండిరి. ఓనమాలు దిద్దని బిడ్డకు శిస్తు వసూలుచేయు పదవి కాచుకొని యుండెడిది. చదివి లెక్కలు నేర్చిన పొరుగింటి వానికి మాత్రము ఆ త్రోవ మూసియుండెడిది.

ఈ యేర్పాటునందు మేలు బొత్తిగా లేదనరాదు. తండ్రి వ్రాయు అడంగలును చూచుచు అరుగుమీద పెరిగిన కుమారునకు పొలముల గట్లన్నియు కంఠస్థములు. కాని అది అభ్యాసమువలన వచ్చిన యోగ్యతయే గాని పుట్టుకవలన వచ్చినది కాదు. అట్టి యోగ్యత నిజముగా నున్నచో పదిమందితో పాటు పరీక్షించినను బయటపడును గదా!

1950 జనవరి 26 వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 16 వ అధికరణమున ప్రభుత్వోద్యోగములకు మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను కారణములచే మాత్రమే ఎవరిని అనర్హులుగా చేయరాదని విధించెను. ఇందు 'వంశము' అను మాట చిన్నదే. దాని బలము గుంటూరు జిల్లా వ్యవహార మొకదానిలో తేటపడినది.

తెనాలి తాలూకాలోని పెరవలి గ్రామమును విభజించి పెరవలిపాలెమను క్రొత్త గ్రామము నేర్పరచిరి. దానికి మునసబు కావలసివచ్చెను. పలువురు దరఖాస్తు పెట్టుకొనిరి. రెవిన్యూ డివిజనల్ అధికారి ఒకరిని నియమించెను. పాత మునసబుగారి కుమారుడు కలెక్టరునకు అప్పీలు చేసికొనెను. గ్రామమును విభజించినపుడు పాత యుద్యోగి కుటుంబమునుండియే ఎన్నుకొనవలెనని 1895 నాటి చట్టము 6 వ సెక్షనున నున్నది గనుక కలెక్టరు కుమారునకే పదవి నిచ్చెను. పదవి కోల్పోయిన ఆసామి తుదకు సుప్రీంకోర్టు నాశ్రయించెను.

ఇది ఆచారమువలన వచ్చిన వంశపు హక్కే గాని ప్రభుత్వోద్యోగము కాదని ప్రతిపక్షమువారు వాదించిరి. నియమించునది ప్రభుత్వము, తొలగించునది ప్రభుత్వము, జీతమిచ్చునది ప్రభుత్వము. ఇక అది ఎవరి యుద్యోగము? 1960 డిసెంబరు 6 వ తేదీన న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, వంశమును బట్టి పక్షపాతము చూపు ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పెను.

ఐనను కరణము, మునసబు పదవులు అంతటితో పోలేదు. 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సుచే ఆ పాత గ్రామోద్యోగములను రద్దుచేసెను. తెలంగాణమునందలి పటేలు, పట్వారీ పదవులును దానితోనే పోయెను. కొన్ని తరములుగా ఇండ్ల పెట్టెలలో భద్రపరచిన లెక్కల కట్టలు ఆనాడు గడప దాటినవి.