సింధనూరు క్యాంపులు: మన ఊళ్లు ఎలా పుట్టాయి

సింధనూరు తాలూకాలో ఊరి పేరు చివర 'క్యాంపు' అని కనబడితే అది మిలటరీ క్యాంపు కాదు. కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు ప్రతి ఏడూ అడుగుతుంటారు, అందుకే ఈ నాలుగు మాటలు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు కొన్న పొలాల్లోనే పాకలు వేసుకుని కాపురం పెట్టిన చోట్లు ఇవి. పాకలు పోయి మిద్దెలొచ్చినా పేరు మారలేదు.

దీనికంతటికీ మూలం తుంగభద్ర డ్యాం. 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడింది, 1953కి పూర్తయింది. ఎడమ కాలువ 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు దాటి మాన్వి, రాయచూరు వైపు సాగుతుంది. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది, దానికి కర్ణాటక అని పేరు పెట్టింది 1973లో. కాబట్టి మొదట వచ్చిన కుటుంబాలు కర్ణాటకకు రాలేదు, వాళ్లు వచ్చాకే సరిహద్దు జరిగింది!

ఇక్కడిది నల్లరేగడి. వానమీద జొన్న, పత్తి పండించేవారు. డెల్టాలో ఎకరం అమ్ముకున్నవాళ్లకు ఇక్కడ అంతకు చాలా రెట్లు భూమి దొరికేది. నేల చదును చేశారు, గట్లు వేశారు, వరి నాటారు. ఆ తర్వాత రైసుమిల్లులు, సోనామసూరి పేరు సంగతి మీకు తెలిసిందే.

మన పిల్లలు వ్యాసాల్లో "మా తాతలు వచ్చి బీడును బంగారం చేశారు" అని రాస్తారు. అది సగమే నిజం. పొలం ఇక్కడివాళ్లది, నాట్లకు, కోతలకు వచ్చిన చేతులు కూడా ఎక్కువగా కన్నడ కూలీలవే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కాలువను జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకు నీళ్లు ఎక్కువ ఊళ్లకు అందేట్టు వేశారు. పై భాగంలో వరి పెరిగేకొద్దీ చివరి భాగంలో, అంటే మాన్వి, రాయచూరు తాలూకాల రైతుకు నీళ్లు అందలేదు. ఆ తగవు ఇంకా తీరలేదు. పూడిక చేరి 133 టి.ఎం.సి.ల జలాశయం సుమారు 105కి తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. దాని స్థానంలో అడ్డుపలకలు దింపించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు కూడా తెలుగువారే.

మనం ఒక్కరమే వలసవాళ్లం కాదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాల ఆర్.హెచ్. క్యాంపులు కూడా ఈ తాలూకాలోనే ఉన్నాయి. సింధనూరు బజారులో కన్నడం, తెలుగు, ఉర్దూ, బెంగాలీ నాలుగూ వినబడతాయి.

ప్రాథమిక చదువు మాతృభాషలో దొరికేట్టు రాష్ట్రాలు చూడాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. అట్లాగని కన్నడం వదలకండి. 2015 చట్టం ప్రకారం అది తప్పనిసరి, పైగా ఇరుగుపొరుగు భాష.

మొదటి తరంవారు ఏటేటా తగ్గిపోతున్నారు. మీ ఇళ్లలో పాత క్రయపత్రాలు (ఉర్దూలో ఉన్నా సరే), పాకల నాటి ఫొటోలు ఉంటే పిల్లలచేత పంపండి. నకలు తీసుకుని అసలు వెంటనే తిరిగి ఇస్తాం. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ ఉంటే ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరం, ఎవరితో కలిసి వచ్చారో అడిగి 7వ తరగతి పిల్లలు నోట్సులో రాసుకురావాలి.